గమ్ము ఆరలే

పుస్తకం ఎనిమిదొందల తొంభై తొమ్మిది.
నలుగురం తలా రెండువందల ఇరవై ఐదేసుకున్నం.
మిగిలిన రూపాయి నా గల్లాపెట్టెల ఉన్నది,
అది నలుగురిది.

ముందెవరు చదవాలె అన్నకాడ లొల్లి.
దేవరకొండ బస్టాండు ఎదురుంగ
నా జిరాక్సు దుకాణంల గంటసేపు లొల్లి.
ఆఖరికి నేనే కత్తి తీసిన.
పదహారేండ్లాయె రికార్డులు కుట్టబట్టి,
వెన్ను కోసుడు నాకు లెక్కగాదు గని
ఆ పూట చెయ్యి వణికింది.
లోపలి అంచున కొన్ని అక్షరాలు పోయినయి,
అందాజతోని చదువుకోవాలె.

మైదా ఉడికిచ్చి, మైలుతుత్తం కలిపి
నాలుగు తునకలకు నాలుగు అట్టలేసిన.
చిట్టీలు తీసినం.

మొదటిది సైదులుకొచ్చింది. బోరుబండి మీద పని.
బేస్తారం రాత్రి షట్టరు సగం దించినంక
ముందుగాల వాడే అందుకున్నడు:
"పటం గీసిండ్రు సూడక్కా మొదట్లనే,
ఏడు నదులున్నయి ఆ రాజ్యంల.
ఏడు నదులున్నోడు యుద్ధమెందుకు జేస్తడే?"
మాకెవరికీ తెల్వలే.
"డ్రాగను వచ్చుడు మాత్రం నిజంగ రాసిండు,
అచ్చం మా బండి లెక్కనే,
పొగ, దుమ్ము, ఊరంత చెవులు మూసుకునుడు."

రమావత్ జ్యోత్స్న నర్సింగు మూడో ఏడు. రెండో తునక ఆమెది.
"ఆకు పెట్టంగనే కత్తిపోటు మానిందంట.
పుండు కడగలే, చేతులు కడుక్కోలే.
నేనైతే ఆ అడవికి డ్యూటీకి పోను."
అన్నది గని, అర్ధరాత్రిదాక హాస్టలు మెట్లమీద చదివి
వార్డెను తిట్లు తిన్నదీ తనే చెప్పింది.

మొయిన్ భాయ్ కండక్టరు, డిండి మీదికెల్లి అచ్చంపేట.
మూడో తునక. ఎవరెవరో తెల్వదు ఆయనకు,
నడుమల బస్సెక్కినోని లెక్క అడుగుతడు:
"ఈ ఒంటికన్నోడు మనోడా, పగోడా?"
సైదులు చెప్తడు.
చెప్పుకుంట చెప్పుకుంట ప్రతిసారి
ముసలి మంత్రగానికాడ ఆగుతడు.
"తాతకు మంత్రమొచ్చు గని చెయ్యడు భాయ్,
మంత్రానికో ఏడు ఆయుష్షు పోతదని లెక్క జూసుకుంటడు,
మా మేస్త్రి డీజిలు జూసుకున్నట్టు.
మన దిక్కొస్తే జొన్నరొట్టె పెట్టి
మా డాబామీద పండుకోబెడ్త."

నాది నాలుగో తునక.
ఎనిమిదొందల పన్నెండో పేజీ నాకు తెలుసు.

వారం వారం తునకలు చేతులు మారినయి.
ఆఖరిది మొయిన్ భాయ్ చదివి ఏమనకుంట తెచ్చిచ్చిండు.
జ్యోత్స్న చదివి ఒక్కటే అడిగింది, నా చెవుల:
"ఆ ఆకు ఈయనకెందుకు పెట్టలే అక్కా?"

మూడో తునకమీద గ్రీసు మరకలతోని
సైదులొచ్చిండు. "ఇగ ఆఖరిదియ్యి."
"అట్ట ఊడింది, మళ్ళ అతికిచ్చిన. గమ్ము ఆరలే."
"ఆరలే, నేనూ జూసిన" అన్నడు మొయిన్ భాయ్.
మీది బేస్తారమూ ఆరలే.
ఆ మీదిదీ.
ఏప్రిలు నెల. రాత్రి తొమ్మిదైనా
ఖిల్లా గుట్ట రాళ్ళు సెగ కక్కుతున్నయి.
పిండిన బట్ట చేతులనే ఎండే కాలం.

సైదులు నవ్విండు.
"అక్కా, ఏడొందల ఫీట్లు దిగుతది మా బండి.
కింద ఏమున్నదో మేం దిగి జూస్తమా?
పైకొచ్చే దుమ్ము రంగు జూస్తం, సమజైతది.
రైతు మొఖం జూసినంక చెప్పబుద్ధి గాదు,
ఇంకో యాభై ఏద్దాం అంటం."
చెయ్యి జాపిండు.
"నువ్వు మూడు వారాలేసినవ్. సాలు."

ఇచ్చిన.
వంగి షట్టరు కిందికెల్లి బయటవడ్డడు.
మళ్ళ వంగి తల లోపలవెట్టిండు:
"పోయేముంగట నీళ్ళన్న తాగిండా?"

ఆ ముచ్చట పుస్తకంల లేదు.
నేను కోసిన అంచుల పోయిందేమో.

"తాగిండు" అన్న.